స్కలేరాగారి ఛాతీ కొలత

అస్సుంత తన జీవితంలో బట్టలు మార్చిన మగవాడు ఒక్కడే. ఆయన చనిపోయి ముప్పై అయిదేళ్ళయింది.

పేటలో ఆడవాళ్ళు దీని మీద వేసే జోకులకి అంతు లేదు. మే నెల వచ్చిందంటే చాలు, చేపల బండి దగ్గర ఎవరో ఒకరు అందుకుంటారు.

"ఏమే అస్సుంతా, మీ ఆయనకి ఈ ఏడు ఏ రంగు సూటు?"

"మాట్లాడడు, తాగడు, తిరగడు. నీ అంత అదృష్టం మాకేదీ తల్లీ!"

అస్సుంత కూడా తక్కువ తిన్నదేమీ కాదు. "మీ ఆయన్ని కూడా పంపించవే, గాజుపెట్టెలో కాస్త సర్దుకుంటే ఇంకొకడు పడతాడు" అనేది. అందరూ పడీ పడీ నవ్వేవారు. నవ్వుతూనే చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా చాచి, కీడు తగలకుండా గౌను మడతల్లో దాచుకునేవారు. పోయినవాళ్ళ మీద జోకు వేసేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి కదా.

ఆ పోయినాయన పేరు లిబోరియో స్కలేరా. ఒపేరా పాడేవాడు. నేపుల్స్ రేవు వెనక సందుల్లో పుట్టి, సముద్రాలు దాటి, రాజులచేతా కోటీశ్వరులచేతా చప్పట్లు కొట్టించుకుని, నలభై ఎనిమిదో ఏట మళ్ళీ ఇక్కడికే వచ్చి కన్నుమూశాడు. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. మంగలి షాపులో ఆయన, కాఫీ కొట్టులో ఆయన, ఆదివారం టమాటా సాసు ఉడుకుతున్న ప్రతి వంటింట్లో ఆయన. ఆయన పోయాక పుట్టిన కుర్రకారు కూడా ఏ పాటలో ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో చెప్పగలరు.

ఇంత అభిమానం ఉన్న ఊరు ఆయన్ని మట్టిలో పెట్టనిస్తుందా? ఒంట్లోకి మందులు ఎక్కించి, కొండ మీది శ్మశానంలో పాలరాతి మందిరం కట్టి, గాజుపెట్టెలో పడుకోబెట్టారు. పాటగాళ్ళు కచేరీకి ముందు వచ్చి ఆ గాజుకి గొంతు ఆనించి వెళ్ళేవారు. మాటలు రాని పిల్లల్ని తల్లులు ఎత్తుకొచ్చేవారు. అంతమంది చూసే మనిషి ఎండకి వెలిసిన కోటుతో పడుకుంటే ఏం మర్యాద? అందుకని ఏడాదికో కొత్త సూటు. కుట్టే పని ఊళ్ళోకెల్లా మంచి దర్జీ అని పేరున్న సబాతీనోకి వచ్చింది. అస్సుంత ఆయన కూతురు.

సబాతీనో సూటు కుట్టాడు గాని కొండ ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులన్నాడు. అదే మోకాళ్ళతో నాలుగంతస్తుల మెట్లు రోజుకి పదిసార్లు ఎక్కి దిగేవాడు. తన బదులు పదిహేడేళ్ళ కూతుర్ని పంపాడు. పిల్ల జడుసుకుంటుందేమోనని భార్య అంటే, "చచ్చినవాడు దీన్నేం చేస్తాడే" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ కీడు పోవడానికి ఇనప కత్తెరని గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

ఇంకో వింత కూడా ఉంది. స్కలేరా రికార్డు ఎక్కడ మొదలైతే అక్కణ్ణుంచి సబాతీనో లేచి వెళ్ళిపోయేవాడు. ఒకసారి మంగలి కుర్చీలోంచి సగం గడ్డం సబ్బుతోనే వీధిలోకి వచ్చేశాడు. "అంత ప్రేమ! తట్టుకోలేడు పాపం" అని పేట పేటంతా మురిసిపోయింది. కూతురు కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకుంది.

కొలతల సంగతి మొదలైంది మూడో ఏడు. శవానికి వేసే కోటుని వీపు మీద నిలువునా చీల్చి నాడాలు పెడతారు, లేకపోతే బిగుసుకుపోయిన చేతులు దూరవు. ఆ ఏడు ఆ నాడాలు ముడిపడలేదు. ఇంటికొచ్చి చెబితే, "ఇరుగ్గా కుట్టుంటాను" అన్నాడు తండ్రి. మరుసటేడు అస్సుంత టేపు పట్టుకెళ్ళి, వీపు కింద నుంచి దూర్చి కొలిచింది. ఇంట్లో మేకుకి వేలాడే కొలతల కాగితం మీద ఛాతీ నూట పన్నెండు సెంటీమీటర్లని రాసి ఉంది. టేపు మీద నూట పదమూడు దాటింది.

పోయినవాడి కొలత మారదు. మారినా ఎండిపోయి తగ్గాలి గాని పెరగదు. దర్జీ పని చేసే ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. సబాతీనోకి తెలియదా? అయినా ఆయన ఏమీ అడక్కుండా పాత అంకె కొట్టేసి కొత్తది వేశాడు. అస్సుంతకి ఛాతీ పెరిగినందుకు వేసిన భయం కంటే, తండ్రి ఆశ్చర్యపోనందుకు వేసిన భయమే ఎక్కువ.

ఆ తర్వాత ఏటా ఆ కాగితం మీద అంకె మారుతూనే వచ్చింది. తండ్రికి చూపు మందగించాక కత్తెర కూడా ఆమె చేతికే వచ్చింది. మెడ, నడుము, చేతులు ఉన్నచోటే ఉన్నాయి. ఛాతీ ఒక్కటే. పక్కటెముకలు కొద్దికొద్దిగా పైకి లేస్తున్నాయి, భుజాలు వెనక్కి జరుగుతున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం, "మహానుభావుడు! ఆ గుండె చూడు, అందుకే అంత పాట" అని దణ్ణం పెట్టుకుని పోయేవారు.

ఈ ఏడు, పందొమ్మిది వందల అరవై ఒకటిలో, అంకె నూట ఇరవై నాలుగుకి చేరాక, మిలాన్ నుంచి స్కలేరా మేనకోడలి ఉత్తరం వచ్చింది. మా మామయ్యని బొమ్మలా చూపించింది చాలు, ఆఖరి సూటు వేయించండి, శుక్రవారం పైన రాతిపలక పరిపించేస్తున్నాం అని రాసింది. పేటలో ఆ రోజు పొయ్యి వెలగని ఇళ్ళు కూడా ఉన్నాయి. అస్సుంతకి మాత్రం ఒక పక్క గుండెల మీంచి బరువు దిగినట్టూ, మరో పక్క ఇంట్లోంచి ఎవరో వెళ్ళిపోతున్నట్టూ ఉంది.

సబాతీనో అప్పటికి నాలుగు నెలలుగా మంచం మీదున్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. పాదిరీ రెండుసార్లు వచ్చి చివరి తైలం పూసి వెళ్ళాడు. ప్రాణం పోవడానికి దారుండాలని పక్కింటివాళ్ళు కిటికీలన్నీ తెరిచిపెట్టారు. అది పోలేదు. "ఈయన ఎలా బతికున్నాడో నన్నడక్కండి" అని డాక్టరు చేతులెత్తేశాడు. బుధవారం పొద్దున, సూటుకి ఆఖరి కుట్లు వేస్తూ అస్సుంత రాతిపలక మాట చెప్పింది. ముసలాయన రెండు చేతులతో దుప్పటి పట్టుకున్నాడు.

"ఆ రాయి పడిందంటే నా పని అయిపోయినట్టే" అన్నాడు.

"రోజూ చచ్చిపోతాను చచ్చిపోతాను అంటూనే ఉన్నావుగా నాన్నా, కొత్తగా ఏమైందిప్పుడు?"

"చావడానికి భయం లేదే పిచ్చిదానా. అక్కడికెళ్ళగానే గుమ్మంలో ఆయనే ఎదురొస్తే? ఏం మొహం పెట్టుకుని పలకరించను?"

"నువ్వాయన్నేం చేశావు, ముప్పై అయిదు సూట్లు కుట్టించడం తప్ప?"

సబాతీనో తలగడ కింద నుంచి సూదుల డబ్బా తీశాడు. దాని అడుగున, పసుపు పచ్చగా మారిపోయిన ఒక కార్డు ఉంది. పైన అచ్చులో లిబోరియో స్కలేరా అని. కింద సిరాతో, చేతిరాతతో: "దర్శనానికి వచ్చాను. మీరు లేరు. ఈ ఊరివాణ్ణే, దయ ఉంచండి."

ఆ కాలంలో పెద్ద థియేటర్లో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త పాటగాడు మొదటి ప్రదర్శనకి ముందు, మొదటి వరుసలో కూర్చునే దొరల దగ్గరికి వెళ్ళి టోపీ తీసి రావాలి. రాకపోతే వాళ్ళలో పెద్దాయన పిరోంతి దొర చేతికర్ర పైకెత్తుతాడు, పై గ్యాలరీ అంతా ఈలలు వేస్తుంది. ఆ థియేటర్లో ఈలంటే మెచ్చుకోలు కాదు, మొహాన చెప్పు విసరడం. పందొమ్మిది వందల మూడు ఫిబ్రవరిలో స్కలేరా బయటి ఊళ్ళల్లో పేరు తెచ్చుకుని సొంత ఊళ్ళో పాడడానికి వచ్చాడు. అప్పటికి సబాతీనోకి ఇరవయ్యేళ్ళు, దొర బట్టలు కుట్టే షాపులో పనివాడు.

"దొర ఇంట్లో దొరక్కపోతే, ఇక్కడుంటాడేమోనని షాపుకొచ్చాడే ఆయన. నేనొక్కణ్ణే ఉన్నాను. చేతిలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు, నాకు! 'అన్నా, కాస్త ఈ కార్డు అందించు' అన్నాడు. దొర కొత్త కోటు బొమ్మకి తొడిగి ఉంది. దాని జేబులో పెట్టాను, వేసుకోగానే చేతికి తగులుతుందని."

"మరి?"

"మరేముంది. సాయంత్రం మేస్త్రీ వచ్చి, జేబులు కుట్టెయ్యరా అన్నాడు. కుట్టేశాను."

అస్సుంతకి వివరం చెప్పనక్కర్లేదు. కొత్త కోటు జేబులు సాగి వేలాడకుండా మూతులు దారంతో కుట్టేసి ఇస్తారు. మామూలు మనుషులైతే ఇంటికెళ్ళి విప్పుకుంటారు. మొదటి వరుస దొరలు విప్పరు. జేబులో చెయ్యి పెట్టుకోవడం వాళ్ళకి నామర్దా.

"గ్యాలరీలో ఉన్నాను నేను. ఆఖరి పాటలో ఆఖరి స్వరం. పైకెత్తి వదలడానికి స్కలేరా ఊపిరి పీల్చాడు. ఎంత పీల్చాడే! ఛాతీ ఇలా లేచింది. సరిగ్గా అప్పుడే దొర కర్ర ఎత్తాడు. అందరితో పాటు నేనూ నోట్లో వేళ్ళు పెట్టుకున్నాను. ఈల సగంలో ఉండగా దొర ఒంటి మీద కోటు కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది."

"ఆపేశావా?"

"లేదు. ఆపితే పక్కవాడు ఎందుకాపావని అడుగుతాడు. ఇంకా గట్టిగా వేశాను."

స్కలేరా నోరు మూసుకున్నాడు. స్వరం పాడలేదు. జనం కేసి ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఈ ఊరికి తిండి తినడానికైతే వస్తాను, పాడ్డానికి మాత్రం రానని ఒట్టు పెట్టుకుని మర్నాడే ఓడెక్కాడు. ఆ ఒట్టు చచ్చేదాకా తప్పలేదు. దొర పోయాక ఆయన భార్య ఆ కోటుని, వెలిసిన వైపు లోపలికి పోయేలా, తిరగేసి కుట్టమని తెస్తే, జేబు విప్పినప్పుడు కార్డు సబాతీనో ఒళ్ళో పడింది. అప్పటికి స్కలేరా ఫోటో లేని గోడ ఊళ్ళో లేదు. "చెబితే నన్ను ఈ సందులోనే రాళ్ళతో కొట్టి చంపేవారు" అన్నాడు సబాతీనో. అది నిజమే.

"ఆ ఊపిరి ఇంకా లోపలే ఉందే. వదల్లేదాయన. ఏటా నువ్వొచ్చి అంకె చెబుతుంటే నాకు తెలుస్తూనే ఉంది. వదిలేదాకా నన్నూ పోనివ్వడు. రాయి పడితే ఇద్దరం ఇలాగే ఉండిపోతాం."

అస్సుంతకి తండ్రి మీద పట్టరాని కోపం వచ్చింది. తన పదిహేడో ఏడు, వచ్చినట్టే వచ్చి పోయిన పెళ్ళి సంబంధాలు, ఏటేటా ఒంటరిగా మోసిన ఆ భయం, అన్నీ ఈ మనిషి పిరికితనానికి కట్టిన పరిహారమా? తిట్టడానికి నోరు తెరిచింది. మంచం మీద ఒక చిన్న ముసలాయన వణుకుతున్నాడు. కార్డు తీసుకుని గౌను జేబులో పెట్టుకుంది.

గురువారం పదకొండు గంటలకి కొండ మీద ఎండ మండిపోతోంది. కాపలాదారు బియాజో, అతని అల్లుడూ కలిసి గాజుమూత మరలు విప్పి పక్కకి దించారు. కర్పూరం, స్పిరిటు కలిసిన పాత వాసన వచ్చింది.

"ఆఖరిసారి కదా డొన్న అస్సుంతా, మేమూ ఉంటాం" అన్నాడు బియాజో.

"పెద్దమనిషి బట్టలు మార్చుకుంటుంటే చూస్తావా? సిగ్గులేదూ? బయటికి పదండి."

తలుపు దగ్గరికి వేసి పని మొదలుపెట్టింది. పాత కోటు విప్పింది. టేపు వేసి చూసింది. నూట ఇరవై అయిదు. చర్మం కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్క పెట్టేటట్టు ఉన్నాయి. మీసం దువ్వింది, కొత్త చొక్కా తొడిగింది, కోటు తొడిగింది. ముందు గుండీ లాగి లాగి పెడితే దారం తెగేటట్టు బిగిసింది. అప్పుడు కార్డు తీసి ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుంది.

ఆ ఊరివాళ్ళు పునీతుల్ని ఊరికే వేడుకోరు. అడిగింది ఆలస్యమైతే నిలబెట్టి తిడతారు. అస్సుంతకి వచ్చిన ప్రార్థన కూడా అదే.

"ఇదిగో డొన్ లిబోరియో, మీ కార్డు. మీరొచ్చారు, మర్యాద చేశారు. తప్పు మాది. మా నాన్నది. ఒప్పుకున్నాం. ఇంకేం కావాలి మీకు?"

మందిరంలో ఏ చప్పుడూ లేదు. బయట పిచ్చుకలు కూడా ఆగిపోయినట్టున్నాయి.

"యాభై ఎనిమిదేళ్ళు! ఇంత పంతమా? మీ పాట లేకుండా ఈ ఊరు ఒక్క పూట ముద్ద మింగదు, ఇంకా ఎంత బతిమాలించుకుంటారు? నా పదిహేడో ఏటి నుంచి మీ గుండీలు పెడుతున్నాను. శవానికి బట్టలేసే పిల్లని మాకొద్దన్నారు, పడ్డాను. ఎప్పుడైనా ఏమైనా అడిగానా మిమ్మల్ని? ఇప్పుడడుగుతున్నాను. వదలండి. ఆ ఊపిరి వదిలెయ్యండి. ఆ ముసలాణ్ణి వదిలెయ్యండి."

ఏమీ జరగలేదు. జరుగుతుందని నమ్మినందుకు తనకే సిగ్గనిపించింది. ఇంటి దగ్గర జేబులకి వేసిన కుట్టుని కత్తెరతో తెంపింది. కార్డు లోపల పెట్టింది. మళ్ళీ కుట్టలేదు. "చల్లగా ఉండండి" అంది, పోయినవాళ్ళతో అందరూ అనే మాటే. బియాజోని పిలిచింది.

వాళ్ళు మూత పెట్టి మరలు బిగించారు. బియాజో చొక్కా చేతితో గాజు తుడుస్తూ ఆగాడు.

"మీ ఊపిరి తగిలినట్టుంది డొన్నా, మసకేసింది."

"నేనింత దూరంలో ఉన్నానుగా."

అతను మళ్ళీ తుడిచాడు. మసక పోలేదు. స్కలేరా నోటికి సరిగ్గా పైన, అరచెయ్యంత ఉంది. చూస్తుండగానే పళ్ళెమంత అయింది.

"లోపలుంది ఇది" అన్నాడు బియాజో మెల్లగా. అల్లుడు అప్పటికే గుమ్మం దాటేశాడు.

అస్సుంత మసక కేసి చూడలేదు. గుండీ కేసి చూస్తోంది. ఇందాక తెగిపోతుందనుకున్న గుండీ ఇప్పుడు వదులుగా వాలిపోయి ఉంది. దాని కింద కోటు గుడ్డ మడతలు పడింది. తండ్రి మొదటి ఏడు కుట్టిన కోటు ఇప్పుడైతే సరిగ్గా సరిపోతుంది. మసక గాజంతా కమ్మేసి, ఆయన మొహం కనపడకుండా పోయింది. ఆమెకి ఏ చప్పుడూ వినపడలేదు.

"తెరవమంటారా?" అన్నాడు బియాజో, తెరవద్దనమని కళ్ళతోనే బతిమాలుతూ.

"వద్దు. రేపు రాయి వేసెయ్యండి."

ట్రాము దిగి సందులోకి వచ్చేసరికి కిటికీ కిటికీకీ ఆడవాళ్ళు వేలాడుతున్నారు. ఒకటే గోల.

"ఎవరింట్లోదే ఆ రికార్డు? పన్నెండు గంటలు మోగకముందు పెట్టింది?"

"మీ ఇంట్లోదనే అనుకున్నాం!"

"మా గ్రామఫోను సూది విరిగి నెలయింది. చేపలావిడ వాళ్ళదేమో."

"నేను బండి దగ్గరున్నా తల్లీ, నా మీదెందుకు పెడతారు? తొట్టెలో నీళ్ళు వణికాయి, చేపలన్నీ ఒకే వైపు తిరిగాయి. నా కళ్ళతో చూశాను."

"చివర పైకెత్తాడే, ఆ స్వరం ఏ రికార్డులోనూ లేదు. నా దగ్గర అన్నీ ఉన్నాయి."

ఎవరికి వాళ్ళు పక్కింటి మీదికి తోసేసి ఊరుకున్నారు. గౌను మడతల్లో మాత్రం అందరి వేళ్ళూ కొమ్ములయ్యే ఉన్నాయి. అస్సుంత నాలుగంతస్తులూ ఆగకుండా ఎక్కింది.

సబాతీనో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగు నెలల్లో ఎవరూ పట్టుకోకుండా కూర్చోవడం అదే మొదలు. చెంపలు తడిగా ఉన్నాయి.

"ఎలా ఉంది?" అన్నాడు. "దగ్గర్నుంచి ఎలా ఉందే?"

"నాకేమీ వినపడలేదు నాన్నా."

"అంత పక్కనుండి?"

"లేదు."

అస్సుంతకి ఏడుపొచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఆయనకి సేవ చేసింది తను. ఊరంతా విన్నది. చేపలు కూడా విన్నాయి. తనొక్కతే వినలేదు. ముసలాయన చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"లేచి వెళ్ళిపోదామనే అనుకున్నాను, ఎప్పటిలాగే. కాళ్ళు లేవుగా. అందుకని చివరిదాకా విన్నాను." చెంపలు తుడుచుకుని, "చాలా బాగా పాడాడే. మేం ఈల వేసిన చోటునుంచి ఎత్తుకున్నాడు" అన్నాడు.

చప్పట్లు కొట్టబోయాడు. చేతులు కలవలేదు. రెండు వేళ్ళతో దుప్పటి మీద తట్టాడు, నాలుగైదు సార్లు. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని, మెల్లగా, తొందర లేకుండా వదిలాడు. అస్సుంత తర్వాతి ఊపిరి కోసం చాలాసేపు చూసింది.

సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి, మేం చేస్తాం లే, నువ్వు కూర్చో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నీళ్ళు కాచి తనే ఒళ్ళు తుడిచింది. సబాతీనో తన కోసం తను కుట్టుకున్న మంచి కోటు ఒకటే ఒకటి, పెట్టె అడుగున ఉంది. తొడిగాక చూసింది, జేబులకి దారం ఇంకా అలాగే ఉంది. ఆయన ఎన్నడూ విప్పుకోలేదు.

కత్తెర తెచ్చి విప్పింది. లోపల ఏమీ ఉండదని తెలుసు. అయినా చెయ్యి పెట్టి, అడుగుదాకా తడిమి చూసింది.